బ్రేకర్ కొనే ముందు ట్రాక్టర్ ఆయిల్ కొలవండి

మాది జంగారెడ్డిగూడెం దగ్గర సిమెంటు ఒరలు, కంచె స్తంభాలు, ప్రహరీ పలకలు పోసే యార్డు. మామగారు మొదలుపెట్టారు, ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. ఇలాంటి యార్డులో సరుకు కంటే వేగంగా పెరిగేది వెనకాల కుప్ప. దింపేటప్పుడు అంచు విరిగిన ఒర, నెర్రె ఇచ్చిన స్తంభం, సాయంత్రం మిక్సర్లో మిగిలిపోతే నేల మీద పోసేసిన మాలు, అన్నీ అక్కడికే చేరతాయి. పదిహేనేళ్ళలో మా కుప్ప చింతచెట్టు మొదటి కొమ్మ దాకా వచ్చింది. పలకలు పేర్చడానికి జాగా చాలక దాన్ని తీసేద్దామనుకున్నాను. ఈ బ్రేకర్, అంటే ఆయిల్ ఒత్తిడితో కాంక్రీటు పగలగొట్టే సుత్తి మిషను గొడవ అలా మొదలైంది.

నేను చదివింది బీకాం. ఒక తప్పు బ్రేకర్ కొని, దాని దెబ్బకి ట్రాక్టర్ వెనక భాగమంతా విప్పించి, ఆ తర్వాత సరైనది తెచ్చుకున్నాను. మీ దగ్గర 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఉండి, పాత కాంక్రీటు పగలగొట్టే పని ఉంటే నేను పడ్డ పాట్లు మీకు పనికొస్తాయి.

ముందు కుప్పని విడదీయండి. కుప్పంతా బ్రేకర్‌కి వెయ్యక్కర్లేదు. కాంక్రీటు నొక్కుడుకి గట్టిది గానీ లాగుడుకి బలహీనం. లాగుడు బలం నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. అందుకే రెండంగుళాల ఒర గోడ కింద రాయి ఎత్తు పెట్టి సమ్మెటతో ఒక్కటిస్తే వంగి ఫట్‌మంటుంది. పలకలూ అంతే. ఇద్దరు మనుషులు రోజంతా కొడితే ఒరలు, పలకలు తేలిపోతాయి. బ్రేకర్ నిజంగా కావాల్సింది అడుగు, అడుగున్నర మందం ఉన్న ముద్దలకి, పాత పునాది దిమ్మలకి, మందపాటి ఫ్లోరింగుకి. మా కుప్పలో అలాంటివి మూడో వంతే తేలాయి.

ఆ మూడో వంతు కోసం కొనాలా, అద్దెకి తెచ్చుకోవాలా? జేసీబీకి బ్రేకర్ తగిలించి గంట లెక్కన అద్దెకిచ్చేవాళ్ళు ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ట్రాక్టర్ కంప్రెసర్ మీద రెండు జాక్‌హామర్లు నడిపేవాళ్ళూ ఉన్నారు. ఏడాదికి వంద గంటల పని లేకపోతే కొనకండి అని నేను చెప్తాను. మా యార్డులో చెత్త ప్రతి నెలా పుడుతుంది, పైగా చుట్టుపక్కల పాత ఇళ్ళు పడగొట్టేవాళ్ళు కూడా పిలుస్తారు. అందుకే కొన్నాను. కుప్ప ఒక్కటే ఉంటే మూడు రోజులు మిషను అద్దెకి తెచ్చి చేతులు దులుపుకునేదాన్ని.

మొదటి బ్రేకర్ కథ

ఒరల గుంటలు తవ్వడానికి మా ట్రాక్టర్ వెనక బకెట్ చెయ్యి ముందే ఉంది. అది ట్రాక్టర్ సొంత హైడ్రాలిక్ మీదే నడిచేది. బకెట్ తీసి అదే పిన్నులకి బ్రేకర్ తగిలిస్తే సరిపోతుందనుకున్నాం. ఒకచోట క్వారీలో వాడిన బ్రేకర్ అమ్మకానికి వచ్చింది. దాదాపు 300 కిలోలు, 68 మిల్లీమీటర్ల చిజిల్ (కాంక్రీటుని కొట్టే ఉలి). చూడటానికి దిట్టంగా ఉంది. అమ్మినాయన "పెద్దది తీసుకుంటే పని బేగా అయిపోద్దండి" అన్నాడు. ఎంత ఆయిల్ తాగుతుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తగిలించాం. ఠక్... అని ఒకటి, గుక్క తిప్పుకుని ఇంకొకటి. అరగంటకి పైపు మీద చెయ్యి ఆనించలేనంత వేడి. నాలుగో రోజు పొలానికి పోదామని రొటావేటర్ ఎత్తితే లిఫ్టు నిలవకుండా దిగిపోయింది. బకెట్ చేతికి పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, ఒక వెల్డింగు నెర్రె ఇచ్చింది.

చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకి, డిఫరెన్షియల్‌కి, ఆయిల్ బ్రేకులకి, లిఫ్టుకి అన్నిటికీ ఒకే ఆయిల్ తిరుగుతుంది. పాత బ్రేకర్లోంచి రాలిన ఇనుప రజను, అరిగిన సీళ్ళ ముక్కలు ఆ ఆయిల్లో కలిసి ఊరంతా తిరిగొచ్చాయన్నమాట. విప్పి చూస్తే అడుగున నల్లటి బురద.

విజయవాడ ఆటోనగర్లో హైడ్రాలిక్ పని చేసే ఒక పెద్ద మేస్త్రీ గారి దగ్గరికి వెళ్ళాను. బ్రేకర్ ఏ కంపెనీ, ఎంతకి కొన్నారు అని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "మీ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

ఆయిల్ లెక్క

బ్రేకర్‌ని నడిపేది ట్రాక్టర్ హార్స్‌పవర్ కాదు, గొట్టంలో వచ్చే ఆయిల్. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని బార్ల ఒత్తిడితో వస్తుందన్నదే లెక్క. లీటర్లని బార్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మా ట్రాక్టర్ 37 లీటర్లు ఇస్తుంది. 120 బార్ల దగ్గర అది ఏడున్నర కిలోవాట్లు, అంటే పది హార్స్‌పవర్. ఇంజను 50 గుర్రాలదే, కానీ బ్రేకర్ దాకా వచ్చేవి పదే. ఆ పది గుర్రాలకి సరిపోయే బ్రేకర్ కొనాలి.

లీటర్లు కొలవడం ఇంట్లోనే అవుతుంది. ట్రాక్టర్‌ని అరగంట నడిపి ఆయిల్ వేడెక్కనివ్వండి, చల్లటి ఆయిల్‌తో కొలిస్తే అంకె అబద్ధం చెప్తుంది. శుభ్రమైన 20 లీటర్ల పెయింటు బకెట్‌కి లోపల 10 లీటర్ల దగ్గర గీత పెట్టండి. ట్రాక్టర్ వెనక పనిముట్లకి ఆయిల్ ఇచ్చే రిమోట్ వాల్వు నుంచి వచ్చే పైపు కొసని బకెట్ అంచుకి గట్టిగా కట్టేయండి, చేత్తో పట్టుకోవద్దు. ఇంజను మీరు పని చేసే ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచి లివర్ మెల్లగా తెరవండి. గీత దాకా నిండటానికి మాకు 16 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 37 లీటర్ల పైచిలుకు. ఇది ఒత్తిడి లేనప్పటి అంకె. పంపు అరిగి ఉంటే ఒత్తిడి మీద ఇంకా తగ్గుతుంది. హైడ్రాలిక్ షాపువాళ్ళ దగ్గర లోడు పెట్టి కొలిచే మీటరు ఉంటుంది. కొద్దిగా ఖర్చయినా దాంతో ఒకసారి చూపించుకోండి. ఎన్ని బార్లు వస్తుందో కూడా అదే చెప్తుంది.

ఇక బ్రేకర్ల వైపు. వీటి సైజుని చిజిల్ మందంతో చెప్పుకుంటారు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉన్నా మామూలుగా 45 మి.మీ. చిజిల్ బ్రేకర్‌కి 20 నుంచి 30 లీటర్లు కావాలి. 53 మి.మీ. అయితే 25 నుంచి 45 లీటర్లు, 90 నుంచి 120 బార్లు, బ్రేకర్ బరువు 150 కిలోల దగ్గర ఉంటుంది. 68 మి.మీ. బ్రేకర్‌కి 40 నుంచి 70 లీటర్లు. జేసీబీ లాంటి ఏడెనిమిది టన్నుల బండ్లకి తగిలించే 75 మి.మీ. బ్రేకర్‌కి 50 నుంచి 90. ఇప్పుడు మా 37 లీటర్లని వీటి పక్కన పెట్టి చూడండి. నేను కొన్న 68కి కనీసం కూడా అందలేదు, అందుకే అది దగ్గింది. మాకు సరిపోయేది 53.

మీ అంకె ఆ శ్రేణిలో మధ్యన పడాలి. కింది అంచున ఉంటే వేసవిలో ఆయిల్ పలచబడి పంపు ఇంకాస్త తక్కువ ఇస్తుంది, బ్రేకర్ కొట్టడం మానేస్తుంది. పై అంచు దాటితే ఇంకో ప్రమాదం. పిస్టన్ మరీ వేగంగా కొట్టి లోపలి భాగాలు పాడవుతాయి. ఎక్కువ ఆయిల్ ఇస్తే మంచిదే కదా అనుకునేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

బండి బరువు కూడా చూడాలి. 53 మి.మీ. బ్రేకర్‌కి రెండున్నర నుంచి నాలుగున్నర టన్నుల బండి తగినది. మా ట్రాక్టర్ ఒక్కటే రెండు టన్నుల పైన ఉంటుంది. ముందు లోడరు, వెనక చెయ్యి, జాకీ కాళ్ళు కలిపితే నాలుగు టన్నుల దాపుకి వస్తుంది. తేలికబండికి బరువు బ్రేకర్ తగిలిస్తే ఆ అదురు చెయ్యి మీదకి, పిన్నుల మీదకి వస్తుంది. మా పిన్ను రంధ్రం గుడ్డయింది అందుకే.

త్రీ పాయింట్ ఫ్రేమా, వెనక చెయ్యా?

కొందరు బకెట్ చెయ్యి లేకుండా, నాగలి తగిలించినట్టు త్రీ పాయింట్ లింకేజికి ఒక ఫ్రేము బిగించి దానికి బ్రేకర్ వేలాడదీసి అమ్ముతున్నారు. చవక. నన్ను కూడా అడిగారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మామూలు ట్రాక్టర్ లిఫ్టు పైకి మాత్రమే ఎత్తుతుంది, కిందికి నొక్కదు. దిగడం అంతా దాని సొంత బరువుతోనే. బ్రేకర్ సరిగ్గా కొట్టాలంటే చిజిల్‌ని కాంక్రీటు మీద గట్టిగా అదిమి పట్టాలి. అదమకపోతే దెబ్బలో సగం బ్రేకర్ ఎగిరిపడటానికే పోతుంది. కాబట్టి ఫ్రేములోనే కిందికి నొక్కే సిలిండరు విడిగా ఉంటేనే దాని గురించి మాట్లాడండి. అది ఉన్నా, ఆ ఫ్రేము చదునైన ఫ్లోరింగు పగలగొట్టడానికే పనికొస్తుంది. కుప్పలో ఎటు పడితే అటు ఉన్న ముద్దల మీద చిజిల్‌ని నిటారుగా పెట్టాలంటే మూడు కీళ్ళున్న చెయ్యి ఉండాల్సిందే.

చెయ్యి ఉన్నవాళ్ళకి అదుము సరిపోయిందా లేదా తెలుసుకునే గుర్తు ఒకటి మేస్త్రీ గారు చెప్పారు. చిజిల్ ఆనించి చేతిని కిందికి నొక్కినప్పుడు వెనక జాకీ కాళ్ళు నేల మీద కాస్త తేలికపడాలి. కాళ్ళు గాల్లోకి లేచేంత నొక్కితే ముద్ద పగిలిన మరుక్షణం బండంతా ధడేల్‌మని పడుతుంది.

వేరే పంపు, వేరే ట్యాంకు

ఇంకెప్పుడూ ట్రాక్టర్ సొంత ఆయిల్‌తో బ్రేకర్ నడపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పీటీఓకి, అంటే పనిముట్లని తిప్పే ట్రాక్టర్ వెనక షాఫ్టుకి 1:3 గేరుబాక్సు, దానికి 25 సీసీ గేరు పంపు బిగించాం. 540 ఆర్‌పీఎమ్ మూడింతలైతే 1620. చుట్టుకి 25 సీసీ చొప్పున నిమిషానికి 40 లీటర్లు, లీకేజి నష్టం పోగా 36, 37 లీటర్లు వస్తుంది. ట్రాక్టర్ ఇచ్చినంతే కదా, ఎందుకీ ఖర్చని మావారు అన్నారు. లీటర్లు అవే, కానీ ఇప్పుడు రజను పడినా నా వంద లీటర్ల ట్యాంకులోనే పడుతుంది, గేరుబాక్సు జోలికి పోదు. చేతికీ బ్రేకర్‌కీ ఆ పంపే. 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ పోశాం. మే నెలలో మా వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, అందుకే ఫ్యానున్న ఆయిల్ కూలరు కూడా పెట్టించాం. ట్యాంకుకి టెంపరేచర్ మీటరుంది. 80 డిగ్రీలు దాటనివ్వం, 75 రాగానే ఆపేసి టీ తాగుతాం.

గొట్టాల దగ్గర పిసినారితనం వద్దు. వెళ్ళే పైపు అర అంగుళం, తిరిగొచ్చే పైపు ముప్పావు అంగుళం వేయించాం. తిరుగు ఆయిల్ కంట్రోల్ వాల్వులోంచి కాకుండా ఫిల్టరు మీదుగా సూటిగా ట్యాంకులోకి పడాలి. తిరుగు దారి ఇరుకైతే వెనక ఒత్తిడి పెరిగి, పిస్టన్ వెనక్కి రావడానికే ఆపసోపాలు పడుతుంది. కొత్త బ్రేకర్ నెమ్మదిగా కొడుతోందని మొత్తుకునేవాళ్ళని ముందు తిరుగు పైపు చూసుకోమంటాను. ఒత్తిడి మించితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు బ్రేకర్ పనిచేసే ఒత్తిడి కంటే 40 బార్ల పైన పెట్టించాం.

పాతది కొంటుంటే

రంగు చూడకండి. రంగు వెయ్యడానికి వంద రూపాయల డబ్బా చాలు. చిజిల్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. బాగా ఆడుతుంటే దాన్ని చుట్టూ పట్టి ఉంచే బుష్షు అరిగిపోయినట్టే. బుష్షు అరిగితే చిజిల్ వంకరగా కూర్చుంటుంది, పిస్టన్ దాని తల మీద అంచుతో కొడుతుంది, చివరికి పిస్టనే పగులుతుంది. అది మార్చే బదులు ఇంకో బ్రేకర్ కొనుక్కోవచ్చు. చిజిల్ బయటికి తీయించి పైకొస చూడండి. చెక్కలు లేచి ఉంటే వెనక్కి తిరగండి. బాడీని పట్టి ఉంచే నాలుగు పొడవాటి బోల్టులు ఎప్పుడైనా తెగి మార్చారా అని అడగండి. ప్లేటు మీద మోడల్ నంబరు, లీటర్లు, బార్లు చదవగలిగేలా ఉండాలి. ప్లేటు పీకేసిన బ్రేకర్ ఎంత చవకైనా నేను ముట్టను.

బ్రేకర్ తలలో నైట్రోజన్ గ్యాసు ఉంటుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు అది నొక్కుకుపోయి, స్ప్రింగులా కిందికి తన్నుతుంది. గ్యాసు తగ్గితే దెబ్బలో చేవ ఉండదు. నింపేటప్పుడు ప్లేటు మీద రాసిన ఒత్తిడికే, నైట్రోజన్‌తోనే, కొలిచే మీటరున్న మనిషితోనే నింపించండి. వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండరు దగ్గర్లో ఉంది కదా అని ఎవరైనా అంటే ఆ మనిషిని మీ యార్డులోకి రానివ్వకండి. ఆక్సిజన్, ఆయిల్ కలిస్తే పేలుతుంది.

సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రింగుల సెట్టు) ఎక్కడ దొరుకుతుందో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. మాకు విజయవాడలో ఒక్కరోజులో దొరికే మోడలే తీసుకున్నాను. దానికంటే తక్కువ ధరకి ఇంకోటి వచ్చింది గానీ కిట్టు ఎక్కడో దూరం నుంచి రావాలన్నారు, వద్దన్నాను.

ట్రయల్ వాళ్ళ మట్టి మీద చెయ్యనివ్వకండి. మా యార్డులో గట్టి ముద్ద ఒకటి ట్రాలీలో వేసుకెళ్ళాను. అమ్మేవాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. ఇరవై నిమిషాలు కొట్టించి, ఆయిల్ వేడి చూసి, చిజిల్ పక్కల నుంచి ఆయిల్ కారుతోందేమో చూసి అప్పుడు బేరం మొదలుపెట్టాను.

చిజిల్ రకం గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మొనదేలినది ఫ్లోరింగుకి, మొద్దు కొస ఉన్నది విడి ముద్దలకి. మొద్దుది జారదు, దెబ్బ ముద్దంతా పాకి అడ్డంగా చీలుస్తుంది. రెండూ కొనుక్కోండి.

కొట్టేటప్పుడు

మా ఆపరేటర్ కుర్రాడు మొదట్లో ముద్ద నడి నెత్తిన చిజిల్ పెట్టి నిమిషాల తరబడి కొట్టేవాడు. గుంట పడి పిండి లేచేది తప్ప పగిలేది కాదు, చిజిల్ మాత్రం ఎర్రగా కాలేది. ఒకేచోట 15, 20 సెకన్లకి మించి కొట్టకూడదు. పగలకపోతే అంచు వైపు జరగాలి. అంచు నుంచి అడుగు లోపలికి పెడితే ముక్క విడిపోవడానికి బయట ఖాళీ ఉంటుంది. ముద్ద కింద మెత్తటి మట్టి ఉంటే దెబ్బ మట్టిలోకి పోతుంది, గట్టి నేల మీదకి దొర్లించుకోండి. చిజిల్ ఎప్పుడూ ఉపరితలానికి నిటారుగా ఉండాలి. చిజిల్‌ని గునపంలా పెట్టి ముక్కల్ని పెకలిస్తే అది విరుగుతుంది. ముద్ద పగిలిన క్షణం లివర్ వదిలేయాలి. గాల్లో కొట్టుకునే ప్రతి దెబ్బా బోల్టుల మీదే పడుతుంది.

రెండు గంటలకోసారి గ్రీజు. చిజిల్‌ని నేలకి అదిమి లోపలికి పోయాక కొట్టాలి. వేలాడుతున్నప్పుడు కొడితే గ్రీజు పిస్టన్ కిందికి చేరి, మొదటి దెబ్బకే సీళ్ళు చిరుగుతాయి. మామూలు గ్రీజు వేడికి నీళ్ళయిపోతుంది, చిజిల్ పేస్టని విడిగా అమ్ముతారు.

మన ట్రాక్టర్లకి క్యాబిన్ లేదన్న సంగతి మర్చిపోకండి. జేసీబీలో అద్దం వెనక కూర్చున్నట్టు కాదు, ఆపరేటర్ ముఖానికి ఎదురుగానే చిప్స్ ఎగురుతాయి. సీటుకీ చేతికీ మధ్య సన్నటి ఇనుప జాలీ ఫ్రేము బిగించాం. కళ్ళజోడు, హెల్మెట్, చెవులకి మఫ్స్, ముక్కుకి మంచి మాస్కు లేకుండా మా కుర్రాణ్ణి ఎక్కనివ్వను. ఆ తెల్లదుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఒరలు తడిపే పైపుతోనే ముద్దల మీద నీళ్ళు కొడుతూ ఉంటాం. కరెంటు స్తంభాల లాంటి ప్రీస్ట్రెస్ సరుకులో బిగదీసిన హెచ్‌టీ (బాగా గట్టి ఉక్కు) తీగ ఉంటుంది. పగిలేటప్పుడు తీగ కొస ఎటు విసురుతుందో చెప్పలేం. అప్పుడు పది మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు.

బ్రేకర్ ఇనుమును కొయ్యదు. బయటపడ్డ చువ్వల్ని గ్యాసు కట్టరుతో కోయించి పాత ఇనుము వాళ్ళకి అమ్మాను, డీజిల్ ఖర్చు చాలా వరకు దాంట్లోనే వచ్చింది. ముక్కల్లో పెద్దవి పునాదుల నింపుడుకి పోయాయి. చిన్నవి క్రషర్లో వేయించి బెడ్ కాంక్రీటులో వాడుతున్నాను. కంకరకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 383, 2016 ప్రకారం ఎం15 (ఎం అంకె కాంక్రీటు బలాన్ని చెప్తుంది) లోపు కాంక్రీటులో ముతక కంకర మొత్తం ఇలాంటిదే వాడొచ్చు. ఇనుము వేసే కాంక్రీటులో ఎం25 దాకా అయితే 20 శాతమే. నా స్తంభాల్లో మాత్రం ఒక్క ముక్క కూడా వెయ్యను.

కుప్ప ఖాళీ అయి ఇప్పుడక్కడ పలకలు నిలబెడుతున్నాం. ఒక్కటి మిగిలింది. మామగారి కాలంలో వైబ్రేటర్ టేబుల్ కోసం పోసిన మూడడుగుల దిమ్మ, గేటు పక్కన. మా 53 దాని అంచులు చెక్కగలిగింది తప్ప చీల్చలేకపోయింది. పెద్ద మిషను ఇటువైపు వచ్చినప్పుడు ఒక గంట అద్దెకి తీసుకుంటాను. అప్పటిదాకా వాచ్‌మన్ దాని మీద క్యారేజీ పెట్టుకుని తింటున్నాడు.